గేమ్‌బాయ్‌తో నాకు చిన్ననాటి జ్ఞాపకం ఒక్కటీ లేదు, అయినా వదలలేకపోతున్నాను: కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న: నీలిమేఘం

మా అన్నయ్య (పెద్దనాన్నగారి అబ్బాయి) ఇల్లు మారుతూ సామాను సర్దుకుంటున్నప్పుడు తన పాత గేమ్‌బాయ్ (చేతిలో పట్టుకొని ఆడే వీడియో గేమ్ యంత్రం) బయటపడిందట. దాన్ని, ఒక్కోదానిలో ఒక్కో ఆట ఉండే నాలుగు కార్ట్రిడ్జ్‌లతో సహా నెల రోజుల కిందట నాకు ఇచ్చేశాడు. బూడిద రంగు ఒళ్లు, ముదురు ఎరుపు బటన్లు రెండు, తెర పక్కన ఎర్రగా వెలిగే చిన్న దీపం: 1989లో నింటెండో విడుదల చేసిన తొలి నమూనాయే అది. ఆ యంత్రం వచ్చిన పదేళ్ల తరువాత గాని నేను పుట్టలేదు. చిన్నప్పుడు దాన్ని చూడలేదు, ఆడలేదు, కావాలని ఎవరినీ అడగనూ లేదు. అందువల్ల, పాత వస్తువులు నచ్చేది చిన్ననాటి జ్ఞాపకాల వల్లనే అని అందరూ చెప్పే మాట నా విషయంలో పొసగదు.

అయినా ఈ నెల రోజులుగా రాత్రిపూట దీపం కిందికి కుర్చీ జరుపుకొని, వెలుతురు తెర మీద సరిగా పడేలా దాన్ని కొంచెం వంచి పట్టుకొని, ఎడమ అంచున ఉన్న చిన్న చక్రాన్ని తిప్పి నలుపు తెలుపుల తేడా సరిచేసుకొని ఆడుతున్నాను. ఇవే ఆటలను ఫోన్‌లో ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్) మీద ఇంతకంటె కాంతివంతంగా, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి దాచుకుంటూ ఆడవచ్చునని నాకు తెలుసు. ఆడి చూశాను కూడా. పది నిమిషాలకే మనసు మరో చోటికి పోయింది. గేమ్‌బాయ్ చేతిలో ఉంటే గంట గడిచిందన్న సంగతే తెలియడం లేదు.

ఈ ఆకర్షణ యంత్రంలోనే ఉన్నదా, లేక పాతది, అరుదైనది అన్న భావన నన్ను మభ్యపెడుతున్నదా? దాని లోపలి పనితీరు తెలిసినవారు, దానితో ఎక్కువ కాలం గడిపినవారు వివరంగా చెబితే ఎంతో సంతోషిస్తాను. మరొక చిన్న సందేహం కూడా ఉంది. తెర కుడివైపున రెండు నిలువు గీతలు ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తున్నాయి. దాన్ని బాగుచేయడం సాధ్యమేనా?

సమాధానం: పాతకార్ట్రిడ్జ్

నీలిమేఘం గారూ, మీరు మభ్యపడలేదు. నేను చాలా కాలంగా తీరిక వేళల్లో ఈ యంత్రం కోసం చిన్న చిన్న ఆటలు రాస్తున్నాను. ఆడేవారిగా మీకు కలిగిన అనుభవం రాసేవారిగా నాకూ కలిగింది, దాని మూలం ఆ యంత్రాన్ని తయారు చేసినవారి నిర్ణయాలలోనే ఉందని నా గట్టి నమ్మకం.

గేమ్‌బాయ్‌ని రూపొందించిన బృందానికి పెద్ద గుంపెయ్ యొకోయ్. ఆయన 1965లో నింటెండోలో యంత్రాల నిర్వహణ పనివాడిగా చేరి, తరువాత బొమ్మలు, ఆ తరువాత 1980లో గేమ్ అండ్ వాచ్ అనే చేతి ఆటలు రూపొందించాడు. మన బొటనవేలి కింద ఇప్పుడున్న కూడిక గుర్తు ఆకారపు బటన్ 1982లో ఆ గేమ్ అండ్ వాచ్ వరుసలోనే మొదటిసారి కనిపించింది. ఆయన పద్ధతి ఏమిటంటే, కొత్తగా వచ్చిన ఖరీదైన సాంకేతికత వెంట పడకుండా, అప్పటికే బాగా నలిగి, లోటుపాట్లన్నీ తెలిసిపోయి, చవకగా దొరికే పరికరాలను తీసుకొని, వాటిని ఎవరూ అనుకోని పనికి వాడడం. గేమ్‌బాయ్‌లో ఆ పద్ధతి అడుగడుగునా కనిపిస్తుంది. సుమారు 4.19 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే షార్ప్ వారి 8 బిట్ల ప్రాసెసర్, 8 కిలోబైట్ల పని మెమరీ, బొమ్మల కోసం మరో 8 కిలోబైట్లు, 160 నిలువు వరుసలు, 144 అడ్డు వరుసల తెర, నాలుగే నాలుగు ఛాయలు. 1989 నాటికే ఇవి గొప్పవి కావు. అదే సంవత్సరం వచ్చిన అటారీ లింక్స్‌కు, మరుసటి సంవత్సరం వచ్చిన సేగా గేమ్ గేర్‌కు రంగుల తెర, లోపలి వెలుగు రెండూ ఉన్నాయి. కాని అవి ఆరు పెన్సిల్ సెల్లు మింగి కొద్ది గంటలలోనే ఆగిపోయేవి. గేమ్‌బాయ్ నాలుగు సెల్లతో పది గంటలకు పైగా నడిచేది. చేతిలో పట్టుకొని తిరిగే వస్తువుకు అన్నిటికంటె ముఖ్యమైనది ఆగకుండా నడవడమేనని యొకోయ్ తేల్చుకున్నాడు, తెర వెలుగును అందుకోసం వదులుకున్నాడు.

ఇక ఆట రాసేవారి వైపు నుంచి చూడండి. ఈ తెర మీద ప్రతి బొమ్మా 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న చిన్న చదరపు పలకలతో కూడుతుంది. తెరకు అడ్డంగా 20, నిలువుగా 18 పలకలు పడతాయి. మీ నాలుగు కార్ట్రిడ్జ్‌లలో టెట్రిస్ (పైనుంచి పడే దిమ్మలను వరుసలుగా పేర్చే ఆట) ఉంటే ఒకసారి ఆ దిమ్మలు పడే బావిలోని వరుసలు లెక్కపెట్టండి: సరిగ్గా 18 ఉంటాయి. నింటెండో వారి ఇంటి కన్సోల్ మీద అదే ఆటకు 20 వరుసలు ఉన్నాయి. గేమ్‌బాయ్‌లో ఒక్కో దిమ్మ ఒక్కో పలక, తెర ఎత్తు 18 పలకలు, కాబట్టి బావి లోతు కూడా అంతే. పై అంచు నుంచి కింది అంచు దాకా తెర మొత్తం ఆటే. యంత్రం కొలత ఆట కొలతగా మారిన ఇలాంటి చోట్లు వెదికితే ఎన్నో దొరుకుతాయి, నాకు ఈ యంత్రం మీద ప్రేమ పుట్టింది అక్కడే.

కదిలే బొమ్మల సంగతీ అంతే. తెర మీద ఒకేసారి 40 చిన్న బొమ్మలు, ఒకే అడ్డు గీత మీద 10 మాత్రమే కదలగలవు, పదకొండవది వస్తే అది కనిపించదు. ఈ తెర నెమ్మదిగా స్పందిస్తుంది కాబట్టి వేగంగా కదిలే బొమ్మ వెనుక నీడలాంటి మరక మిగులుతుంది. అనుభవం ఉన్నవారు ఇవన్నీ ముందే లెక్కలోకి తీసుకొని, నేపథ్యాన్ని ఖాళీగా, లేతగా ఉంచి, శత్రువులను కొద్దిమందినే పెట్టి, ప్రతి ఒక్కరికీ దూరం నుంచే గుర్తుపట్టగల ఆకారం ఇచ్చారు. ఆ నెమ్మదితనాన్నే ఉపయోగించుకొని, ఒక బొమ్మను ఒక క్షణం చూపించి మరుక్షణం దాచి, అది పారదర్శకంగా ఉన్నట్టు భ్రమ కల్పించినవారూ ఉన్నారు. ఆ ఆటను ఫోన్ తెర మీద ఆడితే బొమ్మ మినుకుమినుకుమంటుంది, కంటికి ఇబ్బందిగా ఉంటుంది. పాత తెర మీద మాత్రం అది నిజంగా పొగలాగే కనిపిస్తుంది. ఫోన్‌లోనూ గేమ్‌బాయ్‌లోనూ మీరు ఆడినది ఒకే ఆట అనుకుంటున్నారు గాని, ఆ ఆటను గీసిన మనిషి చూసిన బొమ్మ మీకు ఒకచోటే దొరుకుతున్నది.

సమాధానం: నాలుగు ఛాయలు

పై సమాధానంలోని సాంకేతిక వివరాలతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కాని ఆ తెరను పొగిడే విషయంలో నాకు భిన్నాభిప్రాయం ఉంది. నేను ఈ యంత్రంతో పెరిగినవాడిని. వెలుతురు చాలని గదిలో, రాత్రి ప్రయాణంలో, వీధి దీపం వెలుగు కిటికీలోంచి పడిన ఆ రెండు క్షణాలలోనే ఆడి, మళ్లీ చీకటి పడగానే ఆట ఆపుకొని, తరువాతి దీపం కోసం ఎదురుచూసినవాడిని. అది లోపమే. లోపలి వెలుగు ఉన్న గేమ్‌బాయ్ లైట్ 1998లో వచ్చినా అది జపాన్‌లో మాత్రమే అమ్ముడైంది. మిగిలినవారం 2003లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ వచ్చేదాకా దీపాల కిందనే కూర్చున్నాం. అయితే 1989 నాటి కార్ట్రిడ్జ్ ఆ 2003 నాటి యంత్రంలో కూడా మార్పు లేకుండా నడిచింది, అందుకు మాత్రం తయారీదారులకు నేను కృతజ్ఞుడిని.

మీరు ఫోన్‌లో పది నిమిషాలకు మించి నిలవలేకపోవడానికి నా దృష్టిలో ముఖ్య కారణం బటన్లే. గాజు మీద గీసిన బటన్‌ను వేలు తడిమి గుర్తుపట్టలేదు, అందుచేత కన్ను మాటిమాటికీ తెర మధ్య నుంచి మూలకు పోతుంది. గేమ్‌బాయ్‌లో బొటనవేలికి తన చోటు తెలుసు, కన్ను ఆటను వదలనక్కరలేదు. రెండవ కారణం, ఆన్ చేసే మీటను జరిపిన కొన్ని క్షణాలకే ఆట మొదలవుతుంది, ఆ తరువాత మధ్యలో మిమ్మల్ని పిలిచేది ఏదీ ఉండదు. ఆ మీటను ఒకసారి దగ్గరగా పరిశీలించండి. దాన్ని పక్కకు జరిపినప్పుడు లోపలి నుంచి ఒక చిన్న ప్లాస్టిక్ నాలుక కార్ట్రిడ్జ్ మూలన ఉన్న గాడిలోకి దిగుతుంది. యంత్రం నడుస్తున్నంత సేపు కార్ట్రిడ్జ్ బయటికి రాకుండా అది అడ్డుకుంటుంది. ఒక ఆట మొదలుపెడితే దానితోనే కూర్చోవాలన్న మాట ఆ నాలుక చెప్పకనే చెబుతున్నట్టు నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇంకొక సంగతి, ఇది మీరు ఇంకా అనుభవించి ఉండరు. మరొక గేమ్‌బాయ్, రెండింటినీ కలిపే ఒక లింక్ కేబుల్ సంపాదించి, ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకొని టెట్రిస్ ఆడండి. మీరు ఒకేసారి రెండు వరుసలో అంతకంటె ఎక్కువో తుడిచేస్తే అవతలివారి బావిలో అడుగు నుంచి చెత్త వరుసలు పైకి లేస్తాయి, అవతలివారి ముఖం ఆ క్షణంలోనే మారుతుంది. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 1984లో రూపొందించిన ఈ ఆటను గేమ్‌బాయ్‌తో కలిపి ఇవ్వాలని నింటెండో అమెరికా శాఖ అధిపతి మినోరు అరకావాను ఒప్పించినవాడు ఆటల ప్రచురణకర్త హెంక్ రోజర్స్. మారియోను జతచేస్తే చిన్నపిల్లలు కొంటారు, టెట్రిస్‌ను జతచేస్తే అన్ని వయసులవారూ కొంటారు అన్నది ఆయన వాదన. మా ఇంట్లో మా అమ్మ నాకంటె ఎక్కువ సేపు ఆడింది, కాబట్టి ఆ వాదన నిజమని నేను సాక్ష్యం చెప్పగలను.

సమాధానం: చదరపు అల

ఇంతవరకు అందరూ తెర గురించి, బటన్ల గురించి మాట్లాడారు. శబ్దం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే నేను ఆటలు ఆడటం మానేసి చాలా ఏళ్లయినా ఈ యంత్రం మాత్రం నా బల్ల మీదే ఉంది, దానితో నేను సంగీతం కడతాను.

గేమ్‌బాయ్ నుంచి ఒకేసారి నాలుగు గొంతులే వినిపిస్తాయి. రెండు చదరపు అలలు, మనం గీసిన ఆకారాన్ని వాయించే ఒక అల, గరగరమనే రొద ఒకటి. ఆ మూడవ గొంతు ఆకారం 32 మెట్లలో, ఒక్కో మెట్టు 16 ఎత్తులలో ఒకదానితో గీయాలి. దాన్ని కాగితం మీద చుక్కలు పెట్టి గీసుకోవచ్చు, అంత చిన్నది. రొదతో డోలు చప్పుడు చేయాలి, సముద్రాన్ని వినిపించాలి, పేలుడును వినిపించాలి. పాటకు మూడు గొంతులు వాడేస్తే హీరో గెంతినప్పుడు వచ్చే చప్పుడుకు వాటిలో ఒకటి క్షణం పాటు నోరు మూసుకొని చోటు ఇవ్వాలి. ఈ ఇరుకులో పాట కట్టాలంటే రాగం గట్టిగా ఉండాలి, వాయిద్యాల సందడి వెనుక బలహీనమైన రాగాన్ని దాచే వీలు లేదు. ఈ ఆటల పాటలు ఒకసారి విన్నవారికి ఏళ్ల తరబడి గుర్తుండటానికి కారణం ఇదేనని నేను నమ్ముతున్నాను. టెట్రిస్‌లో అందరికీ తెలిసిన ఆ వరుస ఒక రష్యన్ జానపద గీతానిది, దాన్ని గేమ్‌బాయ్‌కు అమర్చినవాడు హిరోకాజు తనాకా.

నీలిమేఘం గారూ, ఒక్కసారి యంత్రం అంచున ఉన్న రంధ్రంలో హెడ్‌ఫోన్స్ పెట్టి వినండి. బయట ఉన్న స్పీకర్ ఒక్కటే గాని, హెడ్‌ఫోన్స్‌లో ప్రతి గొంతునూ ఎడమ చెవికో, కుడి చెవికో, రెండింటికో పంపే ఏర్పాటు ఆ చిన్న చిప్‌లో ఉంది. మీరు నెల రోజులుగా విన్న పాట రెండుగా విడిపోయి మీకు అటూ ఇటూ నిలబడుతుంది. లిటిల్ సౌండ్ డీజే, నానోలూప్ వంటి సంగీతం కట్టే కార్ట్రిడ్జ్‌లతో ఈనాటికీ వేదికల మీద ఈ యంత్రాన్ని వాయించేవారు ఉన్నారు. వారిలో చాలామంది మీ దగ్గర ఉన్న తొలి నమూనానే కోరుకుంటారు, దాని మంద్ర స్వరాలు తరువాతి నమూనాల కంటె నిండుగా ఉంటాయని.

సమాధానం: టంకం

నిలువు గీతల విషయానికి వస్తాను. అది ఈ నమూనాలో అతి సాధారణమైన జబ్బు, నయమవుతుంది. తెర గాజును సర్క్యూట్ బోర్డుతో కలిపే పలచని రిబ్బన్ కేబుల్ గాజు అంచున జిగురుతో అతికించి ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అక్కడక్కడ ఆ పట్టు సడలుతుంది. పట్టు సడలిన చోట ఆ గీతకు విద్యుత్తు అందదు. ముందుగా సెల్లు తీసేయండి. వెనుక ఉన్న మరలకు మూడు రెక్కల తల ఉంటుంది, దానికి తగిన స్క్రూడ్రైవర్ లేకుండా బలవంతంగా తిప్పితే తల అరిగిపోయి ఇక ఊడిరాదు. లోపల ముందు భాగాన్ని, వెనుక భాగాన్ని కలిపే మరొక వెడల్పాటి కేబుల్ ఉంటుంది, పెంకును తెరిచేటప్పుడు దాన్ని లాగవద్దు. తెర కింది అంచున ఉన్న రబ్బరు పట్టీని జరిపితే రిబ్బన్ కనిపిస్తుంది. యంత్రాన్ని ఆన్ చేసి ఉంచి, సోల్డరింగ్ ఐరన్‌ను తక్కువ వేడిలో పెట్టి, గాజుకు తగలకుండా రిబ్బన్ మీద మాత్రమే మెల్లగా అటూ ఇటూ జరపండి. ఇందుకోసం సెల్లను మళ్లీ పెట్టి, ఏ లోహమూ బోర్డుకు తగలకుండా చూసుకోవాలి. గీత ముందు మినుకుమంటుంది, తరువాత నిండుతుంది. మొదటిసారి నా కళ్ల ముందు ఒక చచ్చిన గీత నలుపెక్కి మళ్లీ బతికినప్పుడు నేను ఐరన్‌ను పక్కన పెట్టి కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

అయితే ఒక హెచ్చరిక. ఖాళీ గీతలు అడ్డంగా ఉంటే మాత్రం ఈ పద్ధతికి దిగవద్దు. వాటి రిబ్బన్ పక్క అంచున ఉంటుంది, సున్నితమైనది, చెడిపోయే అవకాశమే ఎక్కువ.

ఆన్ చేయగానే పైనుంచి దిగే నింటెండో పేరు స్థానంలో నల్లని పట్టీ దిగి అక్కడే ఆగిపోతే యంత్రం పాడైందని కంగారుపడకండి. ఆ పేరు బొమ్మను యంత్రం కార్ట్రిడ్జ్‌లోంచే చదివి, తన దగ్గర ఉన్న నకలుతో పోల్చి చూసుకుంటుంది. రెండూ సరిపోకపోతే ముందుకు కదలదు. నల్ల పట్టీ కనిపించిందంటే కార్ట్రిడ్జ్ నుంచి ఏమీ అందడం లేదని అర్థం, సాధారణంగా దాని ఇత్తడి రంగు పళ్ల మీద మురికి చేరి ఉంటుంది. నోటితో ఊదవద్దు, తడి చేరి తుప్పు పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన కాటన్ బడ్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.

చివరిగా ఒక ముఖ్యమైన విషయం. ఆటను దాచుకునే కార్ట్రిడ్జ్‌లలో చాలావాటి లోపల ఒక చిన్న బిళ్ల బ్యాటరీ ఉంటుంది. మెమరీని బతికించేది అదే, అది అయిపోతే దాచినదంతా పోతుంది. మీ అన్నయ్యగారి ఆట ఏదైనా అందులో ఇంకా మిగిలి ఉందేమో, కొత్తది మొదలుపెట్టి దాని మీద దాచేముందు, తప్పకుండా చూడండి.

నీలిమేఘం మళ్లీ రాస్తున్నారు

అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. బావిలో వరుసలు లెక్కపెట్టాను, 18 ఉన్నాయి. నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకొని ఆట మొదలుపెట్టకుండా పాట ఒక్కటే మూడుసార్లు విన్నాను. మూడు రెక్కల స్క్రూడ్రైవర్ తెప్పిస్తున్నాను, అది వచ్చేదాకా ఆ రెండు గీతలతోనే ఆడతాను.

టంకం గారి మాట చదివిన వెంటనే మిగిలిన మూడు కార్ట్రిడ్జ్‌లనూ తుడిచి ఒక్కొక్కటిగా పెట్టి చూశాను. ఒకదానిలో బ్యాటరీ అయిపోయినట్టుంది, దాచినది ఏదీ లేదు. ఇంకొకటి అసలు దాచుకునే ఆటే కాదు. పోకెమాన్ ఉన్నదానిలో మాత్రం "కంటిన్యూ" అన్న మాట కనిపించింది. నొక్కితే అన్నయ్య పేరు, ఆడిన కాలం 61 గంటలు అని వచ్చింది. ఆటలో తన జట్టులోని ఆరు జీవులలో ఒకదానికి నా పేరు పెట్టి ఉంది. అన్నయ్య చివరిసారి ఆట ఆపినది నేను పుట్టిన తరువాతేనన్నమాట. ఫోటో తీసి పంపాను. కొత్త ఆట మొదలుపెట్టలేదు. ఆదివారం తను వస్తానన్నాడు, లింక్ కేబుల్, రెండో గేమ్‌బాయ్ ఎక్కడ దొరుకుతాయో ఇప్పుడు వెదుకుతున్నాను.